సోపా, రెస్టా అని అడిగే ముందు: వైరు మీద ఏం వెళ్తోందో చూశారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ సర్వీస్ జావాలో, స్ప్రింగ్ బూట్ మీద ఉంది. ఒక సహకార బ్యాంకు తరఫున వెండర్ డాట్‌నెట్‌లో సోప్ (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో సిస్టమ్‌లు మాట్లాడుకునే పద్ధతి) సర్వీస్ రాసి, దాన్ని ఎలా పిలవాలో వివరించే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు మీ చేతిలో పెట్టాడు. మీ సర్వీస్‌ని వాడుకోబోయే యాప్ టీమ్ వెనకాల పీహెచ్‌పీ ఉంది. బ్యాంకుకి కాల్ కొడితే 415 ఎర్రర్ (ఈ రకం కంటెంట్ నేను తీసుకోను అనే హెచ్‌టీటీపీ జవాబు) వస్తోంది. యాప్ వాళ్ళు పంపే జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కదు. "అందరం ఓపెన్ స్టాండర్డ్సే వాడుతున్నాం కదా అన్నా, ఎవరి మెషిన్‌లో వాళ్ళకి పనిచేస్తుంది, కలిపితే ఎందుకు పనిచెయ్యదు? సోప్ పెట్టాలా, రెస్ట్ పెట్టాలా, ఏ టూల్స్ వాడాలి?" అని అడిగారు.

సోపా రెస్టా అన్నది ఇందులో అన్నిటికంటే తేలిక ప్రశ్న. బ్యాంకు వైపు సోప్ మీకు తప్పదు, దాన్ని మీ కోడ్‌లో ఒక అడాప్టర్ మాడ్యూల్‌లో పెట్టి అక్కడే కట్టేయండి. దాని క్లాసులు మిగతా కోడ్‌లోకి రాకూడదు. యాప్ వాళ్ళకి జేసన్‌తో రెస్ట్ (మామూలు హెచ్‌టీటీపీ కాల్స్) ఇవ్వండి, ఏ ఫీల్డు ఏ రకమో చెప్పే కాంట్రాక్టు ఓపెన్‌ఏపీఐ అనే ఫార్మాట్‌లో రాయండి. దీని మీద మీటింగులు పెట్టుకోనక్కర్లేదు. అసలు కథంతా "కలిపితే పనిచెయ్యదు" అన్న మాటలో ఉంది.

పద్దెనిమిదేళ్ళుగా రెండు సిస్టమ్‌లని కలిపే పనే చేస్తున్నాను. స్టాండర్డ్ లేక ఆగిపోయిన ప్రాజెక్టుని నేను చూడలేదు. స్టాండర్డ్ ఇచ్చిన నాలుగు దారుల్లో వీళ్ళొకటి, వాళ్ళొకటి పట్టుకుని, రెండూ కరెక్టే కాబట్టి ఎవరూ తగ్గక ఆగిపోయినవే చూశాను. ఇది కొత్త జబ్బు కూడా కాదు. సోప్ 1.1 వచ్చింది 2000లో, డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 వచ్చింది 2001లో. మెసేజ్‌ని ఆర్‌పీసీ (ఫంక్షన్ కాల్‌లా) పద్ధతిలో రాయచ్చు, డాక్యుమెంట్ పద్ధతిలో రాయచ్చు. డేటాని ఎన్‌కోడెడ్‌గా (సోప్ సొంత రూల్స్‌తో) పెట్టచ్చు, లిటరల్‌గా (స్కీమాలో ఉన్నదున్నట్టు) పెట్టచ్చు. జావా టూల్ ఒకటి ఎంచుకుంటే డాట్‌నెట్ టూల్ ఇంకోటి ఎంచుకునేది. చివరికి మైక్రోసాఫ్ట్, ఐబీఎం లాంటి పోటీ కంపెనీలే 2002లో డబ్ల్యూఎస్-ఐ అనే సంస్థ పెట్టుకుని, 2004లో బేసిక్ ప్రొఫైల్ 1.0 ఖరారు చేశాయి. అందులో కొత్తగా కనిపెట్టింది దాదాపు ఏమీ లేదు. "ఉన్నవాటిలో ఇది వాడండి, అది వాడకండి" అని చెప్పడమే దాని పని. ఎన్‌కోడెడ్ వద్దు, లిటరలే అని ఒక్క ముక్క తేల్చడంతోనే సగం గొడవలు పోయాయి. 2010లో ఆ సంస్థ ఓయాసిస్ అనే స్టాండర్డ్స్ సంస్థలో కలిసిపోయింది గానీ, దాని పద్ధతి మాత్రం బతికే ఉంది. ఇవాళ హెల్త్ రంగంలో రికార్డులు పంపుకోవడానికి వాడే ఫైర్ (FHIR) స్టాండర్డ్ చూడండి. అది చాలా వెసులుబాటు ఇస్తుంది, అందుకే మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కి దాని మీద విడిగా ప్రొఫైళ్ళు రాసుకోవాల్సి వచ్చింది.

మీ ముగ్గురి మధ్యా అలాంటి చిన్న ప్రొఫైల్ ఒకటి కావాలి. రెండు పేజీలు చాలు. అందులో ఏం రాయాలో కింద వచ్చే గొడవలు చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు ఆ 415. సోప్ 1.1 మెసేజ్ అయితే కంటెంట్-టైప్ హెడర్‌లో టెక్స్ట్/ఎక్స్‌ఎంఎల్ అని వెళ్ళాలి. సోప్ 1.2 అయితే అప్లికేషన్/సోప్+ఎక్స్‌ఎంఎల్ అని వెళ్ళాలి. వెండర్ డబ్ల్యూసీఎఫ్‌లో (డాట్‌నెట్‌లో సోప్ సర్వీసులు రాసే లైబ్రరీ) బేసిక్ హెచ్‌టీటీపీ బైండింగ్ పెట్టి ఉంటే అది 1.1 తప్ప ఇంకోటి తీసుకోదు. 1.2 హెడర్ కనబడగానే లోపల ఏముందో కూడా చూడకుండా గుమ్మంలోంచే 415 ఇచ్చి పంపేస్తుంది. స్ప్రింగ్ వెబ్ సర్వీసెస్ డిఫాల్ట్‌గా 1.1నే పంపుతుంది. కాబట్టి ఎక్కడినుంచో కాపీ చేసుకున్న కాన్ఫిగరేషన్‌లో 1.2 అనే లైను మీకు తెలియకుండా వచ్చి కూర్చుని ఉంటుందని నా అనుమానం. దాన్ని తీసెయ్యండి. 1.1లో సోప్‌యాక్షన్ అని విడిగా ఇంకో హెడర్ వెళ్ళాలి, విలువ డబుల్ కోట్స్‌లో ఉండాలి. 1.2లో అదే విలువ కంటెంట్-టైప్ లోపలికి పోతుంది. 415 పోయాక మీకు ఎదురయ్యే రెండో గోడ బహుశా ఇదే.

మూడో గోడ నేమ్‌స్పేస్, అంటే ఎక్స్‌ఎంఎల్ ట్యాగులు ఎవరివో చెప్పే పేరు. చూడ్డానికి వెబ్ అడ్రస్‌లా ఉంటుంది గానీ ఎక్స్‌ఎంఎల్‌కి అది ఉత్త స్ట్రింగ్. చివర్న ఒక స్లాష్ ఉన్నా లేకపోయినా బ్రౌజర్‌కి పట్టదు, ఎక్స్‌ఎంఎల్‌కి మాత్రం అవి రెండు వేరు వేరు నేమ్‌స్పేస్‌లు. దీని గడుసుదనం ఏంటంటే చాలాసార్లు ఎర్రర్ కూడా ఇవ్వదు. రెస్పాన్స్ 200 అని వస్తుంది, ఫీల్డులన్నీ మాత్రం నల్. డాట్‌నెట్‌లో డెవలపర్ ఏమీ మార్చకపోతే టెంప్‌యూఆర్‌ఐ అనే పేరే నేమ్‌స్పేస్‌గా ఉండిపోతుంది. తాత్కాలికం అని దాని పేరులోనే ఉంది, అయినా పదేళ్ళుగా ప్రొడక్షన్‌లో నడుస్తున్నవి నేను చూశాను. మీ వెండర్‌దీ అదే అయితే నవ్వుకుని వదిలెయ్యండి, ఇప్పుడు మార్చమని మాత్రం అడక్కండి.

ఇవన్నీ కోడ్ చదివితే దొరకవు. జావా ఆబ్జెక్ట్‌ని డీబగ్గర్‌లో చూసి "నేను సరిగ్గానే పంపుతున్నా" అనడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు. మీరు పంపేది ఆబ్జెక్ట్ కాదు, బైట్లు. సోప్‌కి అపాచీ సీఎక్స్‌ఎఫ్ అనే జావా లైబ్రరీ వాడుతుంటే దాని లాగింగ్ ఫీచర్ ఆన్ చెయ్యండి. లేదా మధ్యలో మిట్‌మ్‌ప్రాక్సీ పెట్టి, వెళ్ళేదీ వచ్చేదీ హెడర్లతో సహా చూడండి. తర్వాత అదే డబ్ల్యూఎస్‌డీఎల్‌ని సోప్‌యూఐ అనే టెస్టింగ్ టూల్‌లో ఎక్కించి, అది తయారుచేసిన రిక్వెస్ట్‌ని పంపండి. అది పనిచేసి మీది పనిచెయ్యకపోతే రెండిటినీ పక్కపక్కన పెట్టి డిఫ్ కొట్టండి. రెండు రోజుల వాదన పది నిమిషాల్లో తేలిపోతుంది. నా అనుభవంలో ఇంతకంటే ఖరీదైన టూల్ ఏదీ అవసరం పడలేదు.

డబ్ల్యూఎస్‌డీఎల్ గురించి ఒక జాగ్రత్త. వెండర్ పంపిన ఫైలు తెరిచి, అందులో ఇంపోర్ట్ అని ఉన్న లైన్లు చూడండి. స్కీమా ఫైళ్ళు వాళ్ళ ఆఫీసు లోపలి మెషిన్ అడ్రస్ నుంచో, లోకల్‌హోస్ట్ నుంచో తెచ్చుకోమని ఉంటుంది చాలాసార్లు. వాటన్నిటినీ అడిగి తెప్పించుకుని, మీ గిట్‌లో పెట్టుకుని, ఆ కాపీ నుంచే క్లాసులు తయారుచెయ్యండి. బిల్డ్ నడిచే ప్రతిసారీ వాళ్ళ సర్వర్ బతికుందా అని చూసుకునే ఖర్మ మీకెందుకు? ఎండ్‌పాయింట్ అడ్రస్‌ని మాత్రం కాన్ఫిగరేషన్ నుంచి ఇవ్వండి.

క్లాసులు తయారుచేసే విషయానికొస్తే, పాత ట్యుటోరియల్స్ అన్నీ డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ అనే కమాండ్ చెప్తాయి. 2018లో జావా 11 వచ్చినప్పుడు దాన్ని జేడీకే నుంచి తీసేశారు, వెతికినా దొరకదు. సీఎక్స్‌ఎఫ్‌లోని డబ్ల్యూఎస్‌డీఎల్‌టుజావా వాడండి. మీది స్ప్రింగ్ బూట్ 3 అయితే సీఎక్స్‌ఎఫ్ 4 తీసుకోవాలి, 3 తీసుకుంటే జావాఎక్స్, జకార్తా ప్యాకేజీల పేర్లు కొట్టుకుని, చదివితే ఏమీ అర్థం కాని ఎర్రర్లు వస్తాయి.

ఇక డేటా. నిజంగా డబ్బూ పరువూ పోయేది ఇక్కడే.

ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో పనిచేసేటప్పుడు జరిగింది. కస్టమర్ పుట్టినతేదీ మా డేటాబేస్‌లో 1985 జూలై 1. అవతలి సిస్టమ్‌లో చూస్తే 1985 జూన్ 30. కొందరికే అలా వస్తోంది అనుకుని నాలుగు రోజులు వెతికాం. నిజానికి అందరికీ ఒక రోజు వెనక్కి పోతోంది, జూలై 1 వాళ్ళకి నెల కూడా మారడంతో ఆ ఒక్కటే కళ్ళకి కనబడింది. మన వైపు బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూలై 1, జూన్ 1 పుట్టినరోజులు ఎన్నో మీకు తెలుసు కదా, అందుకని ఆ లిస్టు పెద్దదే వచ్చింది. జరిగింది ఇంతే: పుట్టినతేదీని మేం టైముతో కలిపి ఉండే డేట్ ఆబ్జెక్ట్‌లో పెట్టాం. అంటే మన టైములో జూలై 1 అర్ధరాత్రి 00:00. లైబ్రరీ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లోకి మార్చి పంపింది, మనం అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి అది జూన్ 30 సాయంత్రం 18:30 అయ్యింది. అవతలి వాళ్ళు మొదటి పది అక్షరాలు కత్తిరించి తేదీగా దాచుకున్నారు. లైబ్రరీ తప్పు చెయ్యలేదు, వాళ్ళూ చెయ్యలేదు. తేదీకి టైము తగిలించిన మేమే చేశాం.

కాబట్టి మీ రెండు పేజీల్లో మొదటి వాక్యం ఇది కావాలి: పుట్టినతేదీ, గడువు తేదీ లాంటివి ఉత్త తేదీలు, 1985-07-01 అని వెళ్తాయి, వాటికి టైమ్‌జోన్ ఉండదు. లావాదేవీ జరిగిన క్షణం లాంటివి ఆర్‌ఎఫ్‌సీ 3339 (తేదీ, టైము ఎలా రాయాలో చెప్పే ఇంటర్నెట్ స్టాండర్డ్ పత్రం) ప్రకారం, చివర +05:30 తప్పకుండా ఉండి వెళ్తాయి. ఐఎస్‌టీ అని మూడక్షరాలు రాసి ఊరుకోకండి, అదే పొట్టిపేరు ఇజ్రాయెల్ వాళ్ళకీ ఐర్లాండ్ వాళ్ళకీ కూడా ఉంది.

రెండోది నంబర్లు. నా లెక్క చాలా మొరటుది. ఆ విలువని మీరెప్పుడైనా కూడతారా, తీసేస్తారా? లేదంటే అది నంబర్ కాదు, స్ట్రింగ్. అకౌంట్ నంబరు, మొబైల్ నంబరు, ఆధార్, రిఫరెన్స్ నంబరు అన్నీ స్ట్రింగులే. ముందున్న సున్నాలు ఎగిరిపోవడం ఒక బాధ. జావాస్క్రిప్ట్‌లో 9007199254740991 దాటిన పూర్ణాంకాన్ని నమ్మడానికి లేకపోవడం ఇంకో బాధ. జావా వైపు లాంగ్‌లో హాయిగా పట్టే 18 అంకెల రిఫరెన్స్ నంబరు, యాప్ స్క్రీన్ మీదకి వచ్చేసరికి చివరి రెండు మూడంకెలు మారి కనబడచ్చు. ఎక్కడా ఎర్రర్ రాదు. డబ్బుకి మాత్రం ఫ్లోట్ వద్దు. పైసల్లో పూర్ణాంకంగా పంపండి, లేదా "1250.50" అని స్ట్రింగ్‌గా పంపండి. ఏదో ఒకటి రాసుకోండి.

మూడోది మన తెలుగు పేర్లు. ఎక్కువమంది పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. "వెంకటసుబ్బలక్ష్మి" అని రాయండి. కంటికి ఏడు అక్షరాలు. యూనికోడ్ కోడ్‌పాయింట్లు (హల్లు, గుణింతపు గుర్తు, సున్నా, పొల్లు ఇలా ఒక్కోదానికీ ఒక్కో నంబరు) లెక్కపెడితే 17. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కి యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో 3 బైట్లు కాబట్టి మొత్తం 51 బైట్లు. మీ కాంట్రాక్టులో "పేరు గరిష్ఠంగా 50" అని ఉందనుకుందాం. జేసన్ స్కీమాకి, ఎక్స్‌ఎంఎల్ స్కీమాకి అది 17 కాబట్టి దర్జాగా పాసవుతుంది. వెనకాల ఒరాకిల్‌లో కాలమ్‌ని వార్‌చార్2 50 అని పెట్టి ఉంటే డిఫాల్ట్‌గా అవి 50 బైట్లు. ఒక్క బైటు చాలక ఇన్సర్ట్ పడిపోతుంది. టెస్టింగ్‌లో ఇంగ్లీషులో పేరు కొట్టి చూసి పాస్ అన్నవాళ్ళకి ఇది ప్రొడక్షన్‌లోనే కనబడుతుంది.

ఇంకోటి. "శైలజ" అనే పేరులో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయచ్చు: ఒకే కోడ్‌పాయింట్‌గా, లేదా ఎత్వం పక్కన ఐత్వపు కింది గుర్తు పెట్టి రెండుగా. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి 12 బైట్లు, ఇంకోటి 15. ఈక్వల్స్ పెట్టి పోలిస్తే ఇద్దరు శైలజలు తేలతారు. అందుకే బయటినుంచి టెక్స్ట్ లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చుకోవాలి, జావాలో నార్మలైజర్ క్లాసు దీనికే ఉంది. కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఇంకో తంటా. "రమేష్‌" అని పొల్లు తర్వాత ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకో కీబోర్డు పెట్టదు. ఎన్‌ఎఫ్‌సీ దీన్ని తీసెయ్యదు. పేరుని ఉన్నదున్నట్టే దాచుకోండి, వెతకడానికి మాత్రం అది తీసేసిన కాపీ పక్కన పెట్టుకోండి. పంపేటప్పుడు అంతా యూటీఎఫ్-8. వేర్వేరు సిస్టమ్‌ల మధ్య జేసన్ వెళ్తుంటే యూటీఎఫ్-8 తప్పనిసరి అని ఆర్‌ఎఫ్‌సీ 8259 ఎప్పుడో తేల్చేసింది, దీనిమీద బేరాలు లేవు.

ఇప్పుడు మీ యాప్ వాళ్ళ జేసన్ ఒకసారి ఎక్కి ఒకసారి ఎక్కకపోవడం. నేను పందెం కాస్తాను, ఖాళీగా ఉన్నప్పుడే పడిపోతోంది. పీహెచ్‌పీలో లిస్టుకీ (వరస), మ్యాపుకీ (పేరు-విలువ జతలు) ఒకటే అర్రే. మ్యాపులో ఏమైనా ఉంటే జేసన్‌లో {} బ్రాకెట్లతో వస్తుంది, ఏమీ లేకపోతే అది మ్యాపో లిస్టో పాపం దానికెలా తెలుస్తుంది, [] అని రాసేస్తుంది. మీ జావా వైపు అక్కడ మ్యాపు ఉండాలి కాబట్టి జేసన్ చదివే జాక్సన్ లైబ్రరీ ఎక్సెప్షన్ కొడుతుంది. దీనికి తిరగేసింది కూడా ఉంది: లిస్టులోంచి అర్రే_ఫిల్టర్‌తో మధ్యలో ఒకటి తీసేస్తే కీలు 0, 2 అని మిగులుతాయి, వరస తప్పింది కాబట్టి లిస్టు కాస్తా {} అయిపోతుంది. వాళ్ళని మొదటిదానికి ఆబ్జెక్ట్‌గా కాస్ట్ చెయ్యమనండి, రెండోదానికి అర్రే_వాల్యూస్ వాడమనండి. మీ వైపు డీసీరియలైజర్‌లో సర్దుబాట్లు పెట్టి కప్పిపుచ్చకండి. రేపు ఇంకో టీమ్ వస్తే ఆ సర్దుబాటే స్టాండర్డ్ అనుకుంటారు.

ఫీల్డ్ రాకపోవడం, నల్‌గా రావడం, ఖాళీ స్ట్రింగ్‌గా రావడం మూడూ ఒకటేనా వేరా అన్నది కూడా రాసుకోవాల్సిందే. బ్యాంకు వైపునుంచి ఒక తమాషా రావచ్చు, ముందే చెప్పి పెడతాను. డాట్‌నెట్ పాత సీరియలైజర్‌లో, తప్పనిసరి కాని అంకె ఫీల్డుకి జతగా పేరు చివర "స్పెసిఫైడ్" అని ఇంకో బూలియన్ ఫీల్డు తయారవుతుంది. డెవలపర్ బ్యాలెన్స్‌కి విలువ ఇచ్చి, ఆ బూలియన్‌ని ట్రూ చెయ్యడం మర్చిపోతే విలువ బయటికే రాదు. వాళ్ళ డీబగ్గర్‌లో బ్యాలెన్స్ కనబడుతుంది, మీకు రాదు. "మేం పంపాం" అని వాళ్ళు ఒట్టు వేసి చెప్తారు. నిజంగానే పంపామనుకుంటారు పాపం. అప్పుడు ఈ ఒక్క పదం చెప్పండి చాలు.

మీ సొంత ఏపీఐకి కాంట్రాక్టు గురించి. కోడ్ రాసి, అందులోంచి స్ప్రింగ్‌డాక్‌తో ఓపెన్‌ఏపీఐ ఫైలు తీసి యాప్ వాళ్ళకి పంపుతున్నారని అనుకుంటున్నాను. మొదటి రోజు హాయిగా ఉంటుంది. మూడో నెలలో ఎవరో జావా ఫీల్డు పేరు బాగాలేదని ఐడీఈలో రీనేమ్ కొడతారు, టెస్టులన్నీ పాస్, యాప్ మాత్రం ఢమాల్. ఆ ఓపెన్‌ఏపీఐ కాంట్రాక్టు ఉండే వైఏఎంఎల్ ఫైలునే ముందు రాసి గిట్‌లో పెట్టి, దానిలోంచి మీ సర్వర్ ఇంటర్‌ఫేస్‌లు, వాళ్ళ పీహెచ్‌పీ క్లయింట్ రెండూ ఓపెన్‌ఏపీఐ జనరేటర్‌తో తీస్తే ఈ ప్రమాదం ఉండదు. అంత ఓపిక లేదంటే, కనీసం కోడ్‌లోంచి వచ్చిన ఫైలుని గిట్‌లో ఉన్నదానితో ప్రతి బిల్డ్‌లోనూ పోల్చి, ఫీల్డు పోయినా రకం మారినా బిల్డ్ ఆపెయ్యండి. వెర్షన్ విషయంలో నా ఓటు 3.0కే. 2021లో వచ్చిన 3.1 జేసన్ స్కీమాతో పూర్తిగా కలిసిపోయింది, కాగితం మీద అదే మంచిది. కానీ నల్ రావచ్చు అని చెప్పే పద్ధతి రెండిటిలో వేరు, కోడ్ తీసే టూల్స్ అన్నీ 3.1ని ఒకేలా అర్థం చేసుకోవు. మీకు కావాల్సింది రెండు భాషల్లో ఒకేలా పలికేది.

కొత్త ఫీల్డు చేరిస్తే పాత క్లయింట్ పడిపోకూడదు. జాక్సన్ 2ని నేరుగా వాడితే తెలియని ఫీల్డు రాగానే ఎక్సెప్షన్ ఇస్తుంది, స్ప్రింగ్ బూట్ ఇచ్చే జాక్సన్‌లో ఆ పట్టింపు ఆపేసి ఉంటుంది. అందుకే మీ సర్వీస్‌లో పనిచేసింది మీ పక్కనే ఉన్న బ్యాచ్ జాబ్‌లో పడిపోవచ్చు, కంగారుపడకండి. ఈనమ్‌కి (ఇన్ని విలువలే రావచ్చు అని కట్టేసిన ఫీల్డు) కొత్త విలువ చేర్చడం ఇంకా ప్రమాదం, "తెలియనిది వస్తే ఇతరాలు అనుకోవాలి" అని ముందే రాసి పెట్టుకోండి.

ఎర్రర్లకి 200 ఇచ్చి లోపల "ఫెయిల్" అని రాయడం మానెయ్యండి. హెచ్‌టీటీపీ కోడ్ నిజం చెప్పాలి. వివరాలకి ఆర్‌ఎఫ్‌సీ 9457లో ఒక చిన్న జేసన్ నమూనా ఉంది, మీరు సొంతంగా కనిపెట్టక్కర్లేదు. డబ్బు కదిలే ప్రతి పోస్ట్ రిక్వెస్ట్‌కి యాప్ వైపే ఒక ప్రత్యేక ఐడీ పుట్టి, అది మీ మీదుగా బ్యాంకు దాకా మారకుండా వెళ్ళాలి. టైమౌట్ అంటే జరగలేదని కాదు, జరిగిందో లేదో తెలియదని. అదే ఐడీతో మళ్ళీ వస్తే కొత్త లావాదేవీ చెయ్యకుండా పాత జవాబే ఇవ్వాలి. బ్యాంకు సర్వీస్‌లో ఈ సదుపాయం లేకపోతే, స్టేటస్ అడిగే కాల్ ఉందేమో ఇప్పుడే కనుక్కోండి. రెండుసార్లు డెబిట్ అయిన కస్టమర్‌కి ఏ ఆర్‌ఎఫ్‌సీ చూపిస్తారు?

బ్యాంకు వాళ్ళు మెసేజ్‌కి డిజిటల్ సంతకం అడిగితే ఒకటే గుర్తుపెట్టుకోండి: సంతకం పెట్టాక ఎక్స్‌ఎంఎల్‌ని అందంగా ఇండెంట్ చెయ్యకండి. కొత్తగా చేరిన ఖాళీలు కూడా డేటానే, సంతకం చెల్లదు. ఇండెంట్ చేసేది మీరు కాకపోయినా, మధ్యలో గేట్‌వే చేస్తూ ఉండచ్చు.

ఇక టెస్టింగ్. మీ జావా క్లయింట్‌తో మీ జావా సర్వర్‌ని టెస్ట్ చేసి ఆగిపోకండి, ఇద్దరిదీ ఒకే లైబ్రరీ కాబట్టి ఒకే తప్పు రెండు వైపులా చేసి పాస్ అంటారు. ఒక పైథాన్ స్క్రిప్ట్ రాయండి, ఇరవై రిక్వెస్టులు చాలు: వెంకటసుబ్బలక్ష్మి, రెండు రకాల శైలజ, జూలై 1 పుట్టినరోజు, ముందు సున్నాలున్న అకౌంట్, ఖాళీ మ్యాపు, 18 అంకెల రిఫరెన్స్, తెలియని ఫీల్డు. సోప్ వైపు జీప్ లైబ్రరీ బాగుంటుంది. యాప్ వాళ్ళు మీ సర్వర్ కోసం ఆగకుండా అదే వైఏఎంఎల్ మీద ప్రిజమ్ అనే టూల్‌తో మాక్ (ఉత్తుత్తి సర్వర్) నడుపుకోవచ్చు.

ఇవాళ్టికి ఆ 1.2 లైను తీసేసి, సోప్‌యూఐ రిక్వెస్ట్‌నీ మీదాన్నీ డిఫ్ కొట్టి చూడండి. ఇంకా ఎక్కకపోతే రెండిటినీ హెడర్లతో సహా ఇక్కడే పెట్టండి, అకౌంట్ నంబర్లూ పాస్‌వర్డులూ కొట్టేసి.